గోడ లేని నీళ్లు

ఉలవపాడు,
మాఘ శుద్ధ పంచమి, గురువారం

పాపా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మాటలు మీ పెద్దమ్మ నాకు రెండుసార్లు వినిపించింది. అండమాన్‌లో సముద్రపు ఈత పోటీకి పేరిచ్చానని, మూడు కిలోమీటర్లని, ఇంకా ఆరు వారాలే ఉందని, పెదనాయనా నువ్వేం చెప్తావని అడిగావు. ఫోన్లో చెప్పొచ్చు గానీ, నేను చెప్పేదానికల్లా నువ్వు ఊఁ ఊఁ అంటావు, పెట్టేశాక మర్చిపోతావు. కాగితమైతే సంచిలో పడి ఉంటుంది. అందుకని రాస్తున్నా.

మీ నాన్న కూడా ఫోన్ చేశాడు. 'అన్నా, వద్దని నువ్వే చెప్పు, నీ మాటైతే వింటది' అన్నాడు. నేను చెప్పనన్నా. ముప్పై దాటిన పిల్ల, బ్యాంకులో పొద్దస్తమానం జనం డబ్బు లెక్కపెట్టే పిల్ల, తన ఊపిరి తాను లెక్కపెట్టుకోలేదా? గోలి శ్యామల గారి సంగతి కూడా వాడికి చెప్పా. ఆమె మన తెలుగావిడే. 2021 మార్చిలో శ్రీలంక ఒడ్డున దిగి, 30 కిలోమీటర్ల పాక్ జలసంధి ఈది, పదమూడున్నర గంటలకు పైగా నీళ్లలో ఉండి ధనుష్కోడిలో తేలింది. అప్పటికి ఆమెకు యాభై దగ్గర పడుతున్నాయి. మీ నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'ఆమె వేరు' అన్నాడు. సరే, వాడి సంగతి నేను చూసుకుంటాలే.

ఇక నీ సంగతి. నెల్లూరు పూల్‌లో రెండు కిలోమీటర్లు 50 నిమిషాల్లో ఈదుతున్నానన్నావు. బాగుంది. రవంత లెక్క చూద్దాం. ఆ పూల్ పొడవు 25 మీటర్లు. రెండు కిలోమీటర్లంటే 80 పొడవులు, అంటే 79 సార్లు గోడను తన్నావు. ఒక్కో తన్నుకు మూడు మీటర్లు జారావనుకున్నా, దగ్గర దగ్గర పావు కిలోమీటరు గోడే ఈదింది, నువ్వు కాదు. అదీగాక తిరిగిన ప్రతిసారీ చేతులకు ఓ క్షణం విశ్రాంతి. కళ్లకు అడుగున నల్లగీత. సముద్రంలో ఆ గోడా లేదు, ఆ గీతా లేదు. అందుకని ఆ 50 నిమిషాలను నెల్లూరులోనే వదిలెయ్. మూడు కిలోమీటర్లకు గంటన్నర పడుతుందనుకో. కటాఫ్, అంటే ఈత ముగించాల్సిన గడువు, ఎంతో నువ్వు చెప్పలేదు, ముందు అది కనుక్కో.

పూల్‌లో ఉన్నన్నాళ్లు గోడకు రెండు మీటర్ల ముందే తిరిగిపో, తన్నొద్దు. రెండు వైపులా ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకో. అక్కడ కుడివైపు నుంచి అల కొడుతుంటే నోరు ఎడమవైపే తెరవాలి, అప్పుడు నేర్చుకుందామంటే కుదరదు. ఇంకోటి, ప్రతి ఎనిమిది పది బారలకోసారి కళ్లు మాత్రం నీళ్ల పైకి లేపి చూడు. తల మొత్తం ఎత్తావంటే నడుం కిందికి దిగబడుతుంది, వేగం చస్తుంది. మొసలి ఎట్టా చూస్తుంది? ఒళ్లంతా నీళ్లలోనే, కళ్లు పైన. అట్టా చూసి, ఊపిరి పక్కకు తీసుకో. రెండు వారాలు మెడ పట్టేస్తుంది. పట్టనీ.

నేను నీళ్లు నేర్చుకుంది మా నాయన మామిడితోట దొరువులో. ఇసక నేలలో తవ్విన గుంట, నిలువెత్తు నీళ్లు, నడుముకు ఎండు సొరకాయ బుర్ర. అప్పుడు మా ఊరు నెల్లూరు జిల్లా. నేను హైస్కూలు కెళ్లేసరికి ప్రకాశం అన్నారు, 2022లో మళ్లీ నెల్లూరు అన్నారు. దొరువు తర్వాత బకింగ్‌హామ్ కాలవ. ఎండాకాలం సెలవులంతా అందులోనే. ఆ కాలవ ఈతతోనే నాకు పొగరొచ్చింది. డ్రిల్లు మాస్టారు ఉద్యోగం రాగానే అది రెట్టింపైంది.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను నీకు తెలీదు, నువ్వింకా పుట్టలేదు. అది పోయిన మరుసటేడు ఒక ఊళ్లో సముద్రంలో ఈత పందెం పెట్టారు. ఒడ్డు వెంబడి కిలోమీటరు. నేను అందరికన్నా ముందున్నా. మన్నేరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వచ్చేసరికి బారలు వేస్తున్నా గానీ ఒడ్డు మీది తాటిచెట్టు దగ్గరికి రావడం లేదు, పైగా చిన్నదైపోతోంది. పాటు తీస్తున్న వేళ, అంటే సముద్రం వెనక్కి పోయే వేళ. ఏటి నీళ్లు, సముద్రం నీళ్లు కలిసి లోపలికి లాగేస్తున్నాయి. నేనేం చేశా? మాస్టారిని గదా, ఒడ్డుకేసి నేరుగా, ఉన్న బలమంతా పెట్టి ఈదా. పది నిమిషాల్లో చేతులు బరువెక్కి కొయ్యబారినాయి. రెండు గుక్కలు తాగా. తెప్ప మీద వలలు తీస్తున్న పట్టపుపాలెం పెద్దాయన ఒకాయన తాపీగా చూస్తున్నాడు. చూసి చూసి, 'మాస్టరూ, నీళ్లతో తగువేంది? పక్కకు రా' అని కేకేశాడు. పక్కకంటే ఉత్తరానికి, ఒడ్డు వెంబడి. ఓ యాభై బారలు అటు వేశానో లేదో లాగుడు తెగిపోయింది. అప్పటికి నాలో ఓపిక లేదు. తెప్ప ఎక్కించుకుని ఒడ్డున పడేశాడు. పందెం పోయింది. నెల రోజులు ఆ దారిన పోలేదు, సిగ్గు.

తర్వాత ఆ పెద్దాయన దగ్గరికే వెళ్లి అడిగా. తుపానుకు మొగ దగ్గర ఇసకతిప్ప జరిగిపోయిందని, కొత్త సందు పడిందని, ఆ సంగతి పాలెంలో పదేళ్ల పిల్లోడికి కూడా తెలుసని చెప్పాడు. పందెం పెట్టినవాళ్లూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి నాకు ఒక అలవాటు. ఏ సముద్రమైనా సరే, దిగే ముందు అరగంట గట్టు మీద కూర్చుని చూస్తా. నీకు నేర్పాల్సిందేదన్నా ఉంటే అది ఇదే. బారలు నీ కోచ్ నాకన్నా బాగా నేర్పుతాడు.

ఏం చూడాలంటే, అలలు ఎక్కడ విరుగుతున్నాయో చూడు. అటూ ఇటూ తెల్లగా నురగ లేస్తుంటే మధ్యలో ఒకచోట మాత్రం నున్నగా, రవంత నల్లగా, అల విరగకుండా కనబడుతుంది. కొత్తవాళ్లకు అదే మంచి చోటులా తోస్తుంది. అలలు లేవు గదా అని పిల్లల్ని కూడా అక్కడే దింపుతారు. నిజానికి ఒడ్డుకు వచ్చిపడిన నీళ్లన్నీ వెనక్కి పోయే తూము అది. రిప్ కరెంట్ అంటారు. మన కొత్తపట్నం, మైపాడు తీరాల్లోనూ ఉంటాయి, ద్వీపాల్లోనూ ఉంటాయి. ఆ లాగుడు ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్ల దాకా ఉంటుంది. ఒలింపిక్స్‌లో పది కిలోమీటర్లు ఈదే మగవాళ్లే సెకనుకు మీటరున్నర పోతారు. నీ 50 నిమిషాల లెక్కన నువ్వు ముప్పాతిక మీటరు కూడా పోవు. ఎదురీది గెలవడం అనే మాటే లేదు. అది మనిషిని కిందికి ముంచదు, లోపలికి మోసుకుపోతుందంతే. తేలు. చెయ్యెత్తు. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈదు. లాగుడు తెగాక, అలలు విరిగేచోటు చూసుకుని దాని మీదుగా ఒడ్డుకు రా. అలే నిన్ను తోస్తుంది.

రెండోది, నీళ్లు పక్కకు ఎటు పోతున్నాయో చూడు. కొబ్బరి మట్టో, ఎండు పుల్లో విసిరి అది ఎటు కొట్టుకుపోతుందో గమనించు. లంగరేసిన పడవ ముక్కు ఎటు తిరిగి ఉందో చూడు. గాలి పెద్దగా లేని రోజు అది నీళ్లకు ఎదురుగా నిలబడుతుంది. మన తీరంలో ఫిబ్రవరి నుంచి ఎండాకాలమంతా నీళ్లు మొత్తమ్మీద ఉత్తరానికి నడుస్తాయి, అక్టోబరు వచ్చిందంటే దక్షిణానికి తిరుగుతాయి. ద్వీపాల దగ్గర అంత సులువైన లెక్క ఉండదు. రెండు ద్వీపాల మధ్య సందులో పోటుకు ఒక వైపు, పాటుకు ఇంకో వైపు పరిగెడతాయి. అది అక్కడి పడవవాళ్లనే అడగాలి.

ఈ పక్క లాగుడును తక్కువగా చూడొద్దు. సెకనుకు జానెడు అనుకో. గట్టు మీద నుంచి చూస్తే కదులుతున్నట్టే ఉండదు. గంటన్నరలో అది నిన్ను కిలోమీటరు పైనే పక్కకు జరుపుతుంది. దారి గుర్తుగా నీళ్లలో తేలే బోయా ఇక్కడుంటే నువ్వు యాడికో పోతావు. అప్పుడు మళ్లీ వెనక్కి ఎదురీది చావాలి. పెన్న నిండుగా ఉన్నప్పుడు దాటించే పడవవాణ్ని చూశావా? అవతల రేవుకేసి పడవ ముక్కు పెట్టడు. ఎగువన ఎక్కడో ఉన్న చెట్టుకేసి పెడతాడు. ఎక్కినవాళ్లు కొత్తవాళ్లైతే 'ఇదేంది, అటు పోతున్నావు' అని గోల పెడతారు. వాడు పలకడు. పడవ తీరిగ్గా జారి రేవులోనే ఆగుతుంది. నువ్వు కూడా అంతే. నీళ్లు కుడి నుంచి ఎడమకు పోతుంటే బోయాకు కుడిపక్కకు చూపు పెట్టుకో. పక్కన పదిమంది నేరుగా పోతున్నారని నువ్వు పోవద్దు. జనం అంతా కలిసి తప్పు దారిన ఈదడం నేను ఎన్నిసార్లు చూశానో. బోయా అల వెనక దాక్కుంటుంది కాబట్టి దాని వెనక ఎత్తుగా ఉండే గుర్తు ఒకటి ముందే చూసి పెట్టుకో. కొండ కొమ్మో, టవరో, నిలువెత్తు చెట్టో. మనకు రామాయపట్నం లైట్‌హౌస్ ఎట్టాగో, అట్టా. తిరిగొచ్చేటప్పటికి ఇంకో గుర్తు కావాలి, అది కూడా దిగకముందే చూసుకో. పొద్దున ఎండ కళ్లలోకి కొడుతుంటే ఏ గుర్తూ కనపడదు. అందుకే గాగుల్స్ రెండు జతలు పెట్టుకో, ఒకటి నల్ల అద్దాలది.

ఇప్పుడు అందరూ మర్చిపోయే సంగతి చెప్తా. ఎండ కాదు, నీళ్ల వేడి. చలిదేశాలవాళ్లు రాసిన సలహాలన్నీ చలి గురించే ఉంటాయి. వెట్‌సూట్ తొడుక్కో, వణుకు వస్తే బయటికి రా అంటారు. అండమాన్ నీళ్లు 28, 29 డిగ్రీలు, ఒక్కోసారి ముప్పై. 20 డిగ్రీలు దాటితే అంతర్జాతీయ పోటీల్లో వెట్‌సూట్ ఒప్పుకోరు, కాబట్టి ఆ ఖర్చు నీకు మిగిలింది. కానీ వెచ్చటి నీళ్లలో గంటన్నర కష్టపడితే ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోయే దారి ఉండదు. చెమట పోస్తూనే ఉంటుంది, నీళ్లలో ఉన్నావు గనక తెలియదు. దాహం తెలియదు. ఒళ్లు మత్తుగా, హాయిగా ఉన్నట్టుంటుంది. అదే ప్రమాదం.

ఫ్రాన్ క్రిపెన్ అని అమెరికా ఈతగాడు. 26 ఏళ్లు. జాతీయ జట్టువాడు. 2010 అక్టోబరు 23న ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో పది కిలోమీటర్ల ప్రపంచ కప్ పోటీలో, వెచ్చని నీళ్లలో ఈదుతా ఈదుతా మునిగిపోయాడు. గట్టు చేరలేదని తెలిసి వెతికేసరికి చాలా సేపు గడిచిపోయింది. ఆ తర్వాతే అంతర్జాతీయ పోటీలకు నీళ్ల వేడి 31 డిగ్రీలు దాటకూడదని హద్దు పెట్టారు. నీకు నేను చెప్పేది రెండు ముక్కలు. నీళ్ల వేడి ఎంతని ఆ రోజు పొద్దున అడుగు. అడిగితే తప్పుగా అనుకుంటారని మొహమాటపడొద్దు. రెండు, తల తేలిగ్గా తిరిగినట్టుండి, బార లెక్క తప్పి, ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకుంటే వెల్లకిలా తిరిగి చెయ్యెత్తు. ఊపిరి అందకుండా దగ్గొచ్చి నోట నురగ వచ్చినా అంతే. ఆలోచించేది లేదు.

వేడి ఓర్చుకోవడం ముందే అలవాటు చేసుకోవచ్చు. ఏసీ గదిలో పడుకుని, ఏసీ బ్యాంకులో కూర్చుని, పోటీకి పోతే ఒళ్లు ఒప్పుకోదు. చివరి రెండు వారాలు సాయంత్రం ఎండలో గంట నడువు, రాత్రి ఫ్యాన్ కిందే పడుకో. పోటీ ముందు రోజంతా నీళ్లు, మజ్జిగ, ఉప్పేసిన గంజి తాగుతా ఉండు. దారిలో వాళ్లు నీళ్లిచ్చే పడవ పెడితే దాహం లేకపోయినా తాగు.

అండమాన్ గురించి. అక్కడ మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, ఎక్కువమంది ఉత్తరాంధ్ర వైపు నుంచి పోయినవాళ్లు. ఇడ్లీకి వెతుక్కోనక్కర్లేదు. తెల్లారడం మాత్రం మనకన్నా చాలా ముందు. గడియారం మనదే గానీ ద్వీపాలు బాగా తూర్పున ఉన్నాయి. అయిదింటికే వెలుతురు, ఎనిమిదింటికే ఎండ మాడుతుంది. పోటీ అయిదున్నరకో ఆరింటికో పెడతారు. నువ్వు ఏడింటికి ఈదడం అలవాటు చేసుకుని పోతే లాభం లేదు. రెండు రోజుల ముందు చేరుకో. ఆ గంటకే, వాళ్లు అనుమతించిన చోటే, తోడు పెట్టుకుని ఓసారి దిగి చూడు. చెన్నై నుంచి ఓడలో పోదామని మీ తమ్ముడు అంటున్నాడట. రెండు మూడు రోజుల ఓడ. సరదాగానే ఉంటుంది, తిరుగు ప్రయాణానికి పెట్టుకోమను. వాంతులతో దిగినవాళ్లు ఈదలేరు.

పోటు పాటుల లెక్క అక్కడ పెద్దది. మన దగ్గర నీటిమట్టం తేడా మీటరుకు అటూ ఇటూ, పోర్ట్ బ్లెయిర్, అదే ఇప్పటి శ్రీ విజయపురం, దగ్గర అమావాస్య పున్నములకు రెండు మీటర్ల దాకా ఉంటుంది. నువ్వు చెప్పిన ఆదివారం పున్నమి వెళ్లిన అయిదారు రోజులకు పడింది, కాబట్టి తీవ్రత కొంత తగ్గి ఉంటుంది. పోటు వేళ రోజుకు ముప్పావు గంట పైనే ఆలస్యమవుతుంటుంది, టైడ్ టేబుల్ చూసుకో. ఇది ఎందుకు చెప్తున్నానంటే, అడుగున పగడపు దిబ్బలు. పోటులో పైనుంచి హాయిగా ఈదిపోయిన చోటే పాటులో మోకాలు గీరుకుంటుంది. పగడం గీరిన గాయం త్వరగా మానదు, చీము పడుతుంది. గీరుకుంటే గట్టెక్కగానే మంచినీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించు. కాలు కింద పెట్టడమే వద్దు. నీకూ మంచిది కాదు, పగడానికీ మంచిది కాదు, అది ప్రాణం ఉన్నదే. ఒంటికి రాసుకునే సన్‌స్క్రీన్ కూడా చూసి కొను. ఆక్సీబెంజోన్ ఉన్నవి పగడాలకు చేటని పలావులో 2020 నుంచి, హవాయిలో 2021 నుంచి అమ్మకం ఆపేశారు. నన్నడిగితే పొడుగు చేతుల ఈత చొక్కా మేలు, ఒప్పుకుంటారో లేదో కనుక్కో. చంకల్లో, మెడ వెనక, పట్టీలు రాసుకునే చోటల్లా వాసెలిన్ దట్టంగా పట్టించు. మేము ఆముదం రాసుకునేవాళ్లం. పని చేసేది గానీ రెండు రోజులు ఎవరూ దగ్గరికి వచ్చేవాళ్లు కాదు.

జెల్లీ ఫిష్ తగిలితే మంచినీళ్లు పొయ్యొద్దు, ఇసకతో రుద్దొద్దు. సముద్రపు నీళ్లతోనే కడిగి, పీచులేవన్నా అంటుకుంటే పుల్లతోనో కార్డుతోనో తీసెయ్యాలి. ఆ తర్వాత ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెడితే నొప్పి దిగుతుంది. వెనిగర్ కొన్ని రకాలకే మంచిది, ఇంకొన్నిటికి చెడుపు, కాబట్టి అది అక్కడి వైద్యులకు వదిలెయ్. మూత్రం పొయ్యమని సలహా ఇచ్చేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు, వాళ్లకు దూరంగా ఉండు.

మొసళ్లున్నాయటగా అని మీ పెద్దమ్మ గుండెలు బాదుకుంటోంది. ఉన్నాయి. ఉప్పునీటి మొసళ్లు, మడచెట్ల కాలవల్లో. 2010లో అక్కడి హావ్‌లాక్ ద్వీపంలో ఒక విదేశీ యాత్రికురాలు మొసలి నోట పడి పోయింది కూడా. అందుకే వాళ్లు గీత గీసిన చోటే ఈదాలి. సాయంత్రం సరదాగా ఒంటరిగా ఇంకో బీచ్‌లో దిగుదామనే ఆలోచన వద్దు. మన పాలెంలో కాపులు, అంటే పాలెం పెద్దలు, దురాయి అని కట్టు వేశారంటే ఎంత పెద్దవాడైనా ఆ రోజు వల వెయ్యడు. పోటీ ముందు రోజు సాయంత్రం బ్రీఫింగ్ అని పెడతారు చూడు, అది అక్కడి దురాయి అనుకో. ముందు వరసలో కూర్చుని విను. బోయాలు కుడిచేతి పక్కన వదలాలా ఎడమచేతి పక్కనా, పడవ పట్టుకుని ఆగితే పోటీ నుంచి తీసేస్తారా లేదా, విజిల్ మూడుసార్లు వేస్తే ఏంది అర్థం, ఇవన్నీ అక్కడే చెప్తారు. చాలా పోటీల్లో పడవ పట్టుకుని అలుపు తీర్చుకోవచ్చు, దాన్ని పట్టుకుని ముందుకు పోకూడదంతే.

ద్వీపాల్లో ఈ పోటీలు ఊరి పండగలాంటివి. హవాయిలో వైకీకీ రఫ్‌వాటర్ స్విమ్ అని 1970 నుంచి ఉంది, 3.8 కిలోమీటర్లు. ఐరన్‌మ్యాన్ అని ఈత, సైకిలు, పరుగు కలిపి లోకమంతా ఎగబడే పందెం 1978లో అదే ద్వీపంలో మొదలైతే, దాని ఈత దూరం ఇందులోంచే తీసుకున్నారు. మన దేశంలో కూడా 2025 మేలో డయ్యూలో ఘోఘ్లా బీచ్‌లో ఖేలో ఇండియా బీచ్ ఆటలు పెట్టినప్పుడు సముద్రపు ఈతను చేర్చారు. ఎక్కడైనా సరే, పడవ నడిపేవాడు, అరటిపళ్లు పంచే పిల్ల, కాలికి టైము లెక్కేసే చిప్ కట్టే మాస్టారు, అందరూ ఆ ఊరివాళ్లే. పడవవాళ్ల పేర్లు కనుక్కుని పలకరించు. 'అన్నా, ఈ రోజు నీళ్లెట్టా ఉన్నాయి?' అని అడుగు. కోచ్ చెప్పనిది వాళ్లు చెప్తారు. టైము పది సెకన్లు ఎక్కువేశారని గట్టు మీద కొట్లాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

ఆ పొద్దున తిండి సంగతి. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు, చాలు. నెల్లూరు దానివి గదా అని కారం దోశ వెతుక్కున్నావో, మొదటి బోయా దగ్గరే అది పైకొచ్చి పలకరిస్తుంది.

ఈల వెయ్యగానే వందమంది ఒక్కసారి ఉరుకుతారు. నీ ముఖానికి ఒకడి మడమ తగులుతుంది, ఎవడో కాలు పట్టుకుంటాడు. కావాలని కాదు, పోట్లాడొద్దు. నువ్వు చివరి వరసలో, ఓ పక్కగా నిలబడు. అందరూ పోయాక పది లెక్కపెట్టి దిగు. పది సెకన్లకు కొంపలేం మునగవు. అల వచ్చేటప్పుడు దాని మీదికి ఎగరొద్దు, మునిగి దాని కింద నుంచి పో. మొదటి రెండు వందల మీటర్లు గుండె దడదడలాడుతుంది, ఊపిరి గొంతులోనే ఆగిపోతుంది. నాకు యాభై ఏళ్లొచ్చాక కూడా అట్టాగే ఉండేది. దానికి మందు ఒకటే, నీళ్లలోకి ఊపిరి పూర్తిగా వదలడం. లోపలికి పీల్చడం గురించి ఆలోచించొద్దు, వదిలితే అదే వస్తుంది. అప్పటికీ తగ్గకపోతే వెల్లకిలా తిరిగి ఆకాశం చూడు. ఉప్పునీళ్లు నిన్ను మోస్తాయి. ఎవరూ నవ్వరు, ఎవరి బాధ వాళ్లకుంటుంది. కాస్త కుదురుకున్నాక నీకన్నా రవంత వేగంగా పోయేవాళ్ల పాదాల వెనక పడితే కొంత కష్టం తగ్గుతుంది. కానీ వాళ్లు దారి తప్పకుండా పోతున్నారో లేదో నీ మొసలి కళ్లతో నువ్వే చూసుకోవాలి.

గట్టుకు వచ్చేటప్పుడు వెనక్కి చూస్తా రా. అల వెనక నుంచి కొట్టి మెడ విరిచేది అక్కడే. చెయ్యి రెండుసార్లు ఇసకను తాకేదాకా లేచి నిలబడొద్దు. నిలబడ్డాక కళ్లు తిరుగుతాయి, నిదానం. ఫొటోలు తర్వాత.

మధ్యలో పడవ ఎక్కేయాల్సి వస్తే? ఇది నేను చివరికి పెట్టా గానీ మొదట రాయాల్సింది. ఆరు వారాలు కష్టపడి, విమానం టికెట్టు కొని, బ్యాంకులో సెలవు బతిమాలి తెచ్చుకుని, ఆఫీసులో అందరికీ చెప్పి పోతావు. రెండో బోయా దగ్గర ఒళ్లు వద్దంటుంది. అప్పుడు నీ చెయ్యి పైకి లేవదు, అడ్డం వచ్చేది నొప్పి కాదు, జనం. మన్నేరు మొగ దగ్గర నా చెయ్యి లేవలేదు, ఆ పెద్దాయన చూడబట్టి బతికా. అందుకని ఒక పని చెయ్. పోటీకి ముందు ప్రాక్టీసులో ఓసారి బాగా ఈదుతున్నప్పుడే, ఏ ఇబ్బందీ లేనప్పుడే, మధ్యలో ఆగి చెయ్యెత్తి పడవ ఎక్కు. అది కూడా ఒక బారలాగా చేతికి అలవాటు కావాలి. పాలెంలో నా స్నేహితుడి కొడుకు ఫైబర్ బోటు తెస్తానన్నాడు. డీజిలు మాత్రం మనమే పొయ్యాలి.

వచ్చే ఆదివారం అష్టమి, ఆటుపోట్లు మెత్తగా ఉండే రోజు. సముద్రం సంగతులు చెప్పే ఇన్‌కాయిస్ వాళ్లు అలల హెచ్చరిక పెడితే మాత్రం లేదు, శనివారం సాయంత్రం చూసి చెప్తా. ఏ వలలు ఎక్కడున్నాయో పాలెంలో ముందే అడిగి పెడతా. నువ్వు శనివారం రాత్రికే వచ్చెయ్. పొద్దున అయిదుంబావుకు బయల్దేరతాం. గాగుల్స్ రెండు జతలు, నడుముకు కట్టుకునే నారింజ రంగు గాలి సంచి, వాసెలిన్ తెచ్చుకో. మొదటి అరగంట నీళ్లలోకి దిగం. ఇసకలో కూర్చుంటాం. ఎక్కడ తూము పడిందో, నీళ్లు ఎటు నడుస్తున్నాయో నేను చెప్పను, నువ్వే చూపించాలి. తప్పు చూపిస్తే ఇంకో అరగంట కూర్చుంటాం.

మీ పెదనాయన